వాపసు తీసుకున్న లేబర్ కేసు మళ్ళీ నడుస్తుందా?

లేబర్ కోర్టులో ఒక కేసు ముగిసిపోవడానికి పెద్ద తీర్పేమీ అక్కర్లేదు. నాలుగు లైన్ల మెమో చాలు. 'పిటిషనరు ఈ కేసును కొనసాగించదలచుకోలేదు కనుక ఉపసంహరణకు అనుమతించ ప్రార్థన' అని రాసి, కింద కార్మికుడి సంతకం, పక్కన వకీలు సంతకం. జడ్జిగారు డాకెట్ షీట్ మీద ఒక్క వాక్యం రాస్తారు: 'డిస్మిస్డ్ యాజ్ విత్‌డ్రాన్, నో కాస్ట్స్.' రెండు నిమిషాల పని. బంట్రోతు తర్వాతి కేసు పిలుస్తాడు.

ఆ రెండు నిమిషాల వెనక సాధారణంగా ఒక మాట ఉంటుంది. 'కేసు వాపసు తీసుకో, ఒకటో తారీఖు నుంచి డ్యూటీలోకి రా' అని మేనేజరు చెప్పి ఉంటాడు. లేదా యూనియన్ నాయకుడు 'పైన మాట్లాడాం, అయిపోతుంది' అని ఉంటాడు. ఒక్కోసారి వకీలే 'ఇక్కడ లాభం లేదు, హైకోర్టులో రిట్ వేద్దాం' అంటాడు. ఒకటో తారీఖు వస్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వడు. మేనేజరు ఫోనెత్తడు. తీసేసుకున్న కేసును మళ్ళీ తెరవొచ్చా అనే ప్రశ్న అప్పుడు పుడుతుంది.

తెరవొచ్చు అనే వకీళ్ళున్నారు, ఒకసారి తీసేస్తే అంతే అనే వకీళ్ళూ ఉన్నారు. ఇద్దరి చేతిలోనూ సుప్రీంకోర్టు తీర్పులుంటాయి. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. చిక్కంతా 'వాపసు' అన్న ఒక్క మాట కింద వేరువేరు సంగతులు దాక్కోవడంలో ఉంది. కేసు ఎవరు వేశారు, ఏ దారిలో వేశారు, తీసేటప్పుడు కోర్టు ఏం రాసింది, తీసిన తర్వాత ఎన్నాళ్ళు గడిచింది అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. వీటన్నిటికీ అడుగున ఇంకొకటి ఉంది: కేసు వేరు, వివాదం వేరు. కోర్టు నుంచి వెనక్కి వచ్చేది కేసే. ఉద్యోగం పోయిన మనిషికి ఉద్యోగం ఇంకా రాలేదంటే వివాదం ఉన్నచోటే ఉంది. కార్మిక చట్టంలోని సగం తీర్పులు ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

సివిల్ కోర్టు లెక్క

ముందు సివిల్ కోర్టు పద్ధతి చూద్దాం, ఎందుకంటే యాజమాన్యం వకీలు మొట్టమొదట తీసేది ఆ పుస్తకమే. సీపీసీ, అంటే సివిల్ కోర్టుల విచారణ పద్ధతి చెప్పే చట్టంలో, ఆర్డర్ 23, రూల్ 1. దావా వేసినవాడు ఎప్పుడైనా దాన్ని వదులుకోవచ్చు, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ అదే విషయం మీద మళ్ళీ దావా వేసుకునే హక్కు కావాలంటే మాత్రం, వదులుకునేటప్పుడే కోర్టు అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతికీ కారణం చూపాలి. దావాలో ఏదో సాంకేతిక లోపం ఉండి అది నిలవదని తేలాలి, లేదా కొత్తగా వేసుకోనివ్వడానికి తగిన వేరే ఆధారం ఉండాలి. అనుమతి లేకుండా తీసేస్తే కొత్త దావాకు తలుపు మూసుకుపోతుంది. ఈ అనుమతినే కోర్టు భాషలో 'లిబర్టీ' అంటారు. 'విత్ లిబర్టీ' అన్న రెండు మాటలు డాకెట్ మీద ఉన్నాయా లేవా అన్నదాని మీద ఏళ్ళ తరబడి వాదనలు నడిచిన సందర్భాలున్నాయి.

చాలామంది చూడని గుంట పక్కనే ఉన్న రూల్ 2లో ఉంది. లిబర్టీ తీసుకుని వచ్చి కొత్త దావా వేసినా, కాలపరిమితి లెక్కకు మొదటి దావా అసలు వేయనట్టే. అంటే మొదటి కేసులో గడిచిన నాలుగేళ్ళు గాల్లో కలిసిపోయినట్టు. లిబర్టీ ఉంటే చాలు, ఎప్పుడైనా వేసుకోవచ్చని ధీమాగా కూర్చునేవాళ్ళు ఇక్కడే పడతారు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కొంత ఊరటనిస్తుంది గానీ, అది అధికార పరిధి లేకపోవడం, లేదా అలాంటి ఇంకో కారణం వల్ల కేసు చేపట్టలేని కోర్టులో నిజాయితీగా పోరాడిన కాలానికి మాత్రమే. తన ఇష్టంతో లేచి వచ్చేసినవాడి కోసం రాసింది కాదు.

మరి ఈ ఆర్డర్ 23 లేబర్ కోర్టుకు వర్తిస్తుందా? నేరుగా వర్తించదు. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 (దీని స్థానంలో ఇప్పుడు కొత్త కోడ్ వచ్చింది, ఆ సంగతి చివర్లో; 'పాత చట్టం' అంటే ఇదే)లోని సెక్షన్ 11(3) సివిల్ కోర్టు అధికారాల్లో కొన్నిటినే లేబర్ కోర్టుకు ఇచ్చింది: సాక్షుల్ని పిలిపించడం, పత్రాలు తెప్పించడం, కమిషన్ వేయడం వంటివి. సీపీసీ మొత్తాన్నీ తెచ్చి పెట్టలేదు. కార్మికుడి వకీలు సరిగ్గా ఇక్కడే పట్టుకుంటాడు. అయితే పుస్తకం వర్తించకపోయినా అందులోని సూత్రం మాత్రం పక్క తలుపులోంచి వస్తుంది. అలా రావడానికి దారి వేసింది లేబర్ కేసు కూడా కాదు, బస్సు పర్మిట్ల కేసు.

సర్గూజా ట్రాన్స్‌పోర్ట్ సర్వీస్ అనే సంస్థ మధ్యప్రదేశ్ హైకోర్టులో ఒక రిట్ వేసి, వాపసు తీసుకుంది. మళ్ళీ వేసుకునే అనుమతి అడగలేదు. తర్వాత అదే విషయం మీద రెండో రిట్ వేసింది. 1986 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, రిట్లకు ఆర్డర్ 23 నేరుగా వర్తించకపోయినా అందులోని సూత్రాన్ని ప్రజాహితం దృష్ట్యా పాటించాలి, లేకపోతే ఈ జడ్జి ముందు గాలి ఎదురుగా ఉందని తీసేసి, రోస్టర్, అంటే జడ్జీలకు కేసుల కేటాయింపు, మారగానే ఇంకో జడ్జి ముందు వేసే అలవాటు పెరుగుతుంది. అందుకని అనుమతి లేకుండా తీసేసిన రిట్‌ను మళ్ళీ హైకోర్టులో వేయడం కుదరదు.

యాజమాన్యాలు ఈ తీర్పును ఇక్కడిదాకా చదివి ఆపేస్తాయి. తర్వాతి వాక్యాలే కార్మికుడికి కావలసినవి. వాపసు తీసుకోవడం వల్ల విషయం మీద తీర్పు వచ్చినట్టు కాదు, కనుక ఒకసారి తేలిన విషయాన్ని మళ్ళీ తవ్వకూడదనే రెస్ జుడికేటా నియమం అడ్డురాదు. హైకోర్టు రిట్ అనే ఒక్క దారి మూసుకున్నంత మాత్రాన సివిల్ దావా లాంటి మిగతా దారులు మూసుకోవు. దీన్ని లేబర్ కోర్టు భాషలోకి తిప్పి చూడండి. తొలగించిన బస్సు డ్రైవరు ఒకడు పొరపాటున నేరుగా హైకోర్టుకు వెళ్ళాడనుకుందాం. 'లేబర్ కోర్టు ఉండగా ఇక్కడికెందుకు వచ్చావు' అని బెంచి అడిగితే వకీలు రిట్ వాపసు తీసుకున్నాడు. లిబర్టీ అడగడం మరిచిపోయినా ఆ డ్రైవరు లేబర్ కోర్టుకు వెళ్ళే హక్కు పోదు. అతను వదిలింది రిట్‌ని.

తిరగేస్తే కథ వేరు. లేబర్ కోర్టులో కేసు వేసి, బేషరతుగా తీసేసి, అదే తొలగింపు మీద హైకోర్టుకు వెళితే 'నీకున్న సరైన దారిని నువ్వే వదులుకుని వచ్చావు' అన్న మాట ఎదురవుతుంది. రిట్ అధికారం హైకోర్టు విచక్షణ. ఆ విచక్షణను ఇలాంటివాడి కోసం వాడటానికి జడ్జీలు త్వరగా ఒప్పుకోరు.

కేసు యజమాని ఎవరు?

ఇప్పుడు అసలు లేబర్ దారిలోకి వద్దాం. పాత చట్టంలో వివాదం కోర్టుకు చేరే రాజమార్గం రిఫరెన్స్. కార్మికుడో యూనియనో కన్సిలియేషన్ ఆఫీసర్, అంటే రాజీ కుదిర్చే అధికారి దగ్గరకు వెళతారు. రాజీ కుదరకపోతే ఆయన ఫెయిల్యూర్ రిపోర్టు పంపుతాడు. ప్రభుత్వం సెక్షన్ 10 కింద వివాదాన్ని లేబర్ కోర్టుకో ట్రిబ్యునల్‌కో నివేదిస్తుంది. ఈ దారిలో కేసు వేసింది కార్మికుడు కాదు, పంపింది ప్రభుత్వం. అలాంటప్పుడు వాపసు తీసుకునే హక్కు ఎవరిది?

ప్రభుత్వానిది మాత్రం కాదు. 1958లో బిహార్ ప్రభుత్వానికీ డి.ఎన్. గంగూలీకీ మధ్య జరిగిన కేసులో సుప్రీంకోర్టు ఈ ముక్క స్పష్టంగా చెప్పింది. ఒకసారి రిఫరెన్స్ చేశాక దాన్ని రద్దు చేసే అధికారం, ఇంకో రిఫరెన్స్‌తో కప్పేసే అధికారం ప్రభుత్వానికి లేదు. బంతి చేయి దాటిపోయింది.

కార్మికుడిదీ పూర్తిగా కాదు. ట్రిబ్యునల్ ముందున్నది అతని అర్జీ కాదు, ప్రభుత్వం పంపిన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు అవార్డు, అంటే ట్రిబ్యునల్ తీర్పు, రూపంలో వెళ్ళాలి. కార్మికుడు 'నాకొద్దు' అంటే, తనకేం కావాలో, ఎందుకో చెప్పే క్లెయిమ్ స్టేట్‌మెంటే వేయకపోతే, వాయిదాలకు రావడం మానేస్తే ట్రిబ్యునల్ 'వివాదం లేదు' అని అవార్డు ఇచ్చేస్తుంది. లేబర్ కోర్టు వరండాల్లో దీన్ని నిల్ అవార్డు అంటారు. పేరుకు అవార్డే గానీ, తొలగింపు న్యాయమా కాదా అన్న మాట అందులో ఎక్కడా ఉండదు. వివాదం బతికే ఉందని, దాన్ని మళ్ళీ పంపమని ప్రభుత్వాన్ని అడగడానికి ఆధారం ఇదే. ఏవాన్ సర్వీసెస్ కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, రిఫరెన్స్‌కు ఒకసారి నిరాకరించిన ప్రభుత్వం కూడా తర్వాత మనసు మార్చుకుని నివేదించవచ్చు. కొత్త ఆధారాలేవీ లేకపోయినా ఆ అధికారం అయిపోదు. అది పరిపాలనా నిర్ణయం తప్ప తీర్పు కాదు కదా. అయితే ఏవాన్‌లో ఉన్నది నిరాకరణ, వాపసు కాదు. ఆ తర్కాన్ని నిల్ అవార్డు దాకా లాక్కురావడం వకీలు చేయాల్సిన పని.

తెలుగు నేలకు ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. ఉద్యోగం పోయిన ఒక్కడు ప్రభుత్వ రిఫరెన్స్ కోసం కాచుక్కూర్చోకుండా నేరుగా లేబర్ కోర్టులో పిటిషన్ వేసుకునే వీలును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లోనే సెక్షన్ 2ఎకు రాష్ట్ర సవరణ చేసి ఇచ్చింది. దేశమంతటికీ ఆ వీలు 2010 సెప్టెంబరు 15న గానీ రాలేదు. అందుకే మన లేబర్ కోర్టుల్లో ఐ.డి. (పారిశ్రామిక వివాదం) నంబరు పడిన కేసుల్లో ఎన్నో కార్మికుడు స్వయంగా వేసినవి. అది మేలే. కానీ వాపసు దగ్గరకొచ్చేసరికి ఆ మేలే ఎదురు తిరుగుతుంది. పిటిషన్ తనదే కనుక దాన్ని వదులుకోవడమూ తన చేతి పనే అవుతుంది. రిఫరెన్స్ కేసులో 'అది నేను వేసింది కాదు' అనడానికైనా ఉంది, సొంత పిటిషన్‌లో అదీ లేదు.

బేషరతుగా తీసేసిన 2ఎ పిటిషన్ స్థానంలో రెండోది వేస్తే నిలుస్తుందా? నా అంచనా చెబుతాను. ఏదీ తేలలేదు కనుక రెస్ జుడికేటా లేదు, ఆర్డర్ 23 నేరుగా లేదు, గడువు ఇంకా ఉంది అంటే వాదించదగిన కేసే. కానీ సర్గూజా సూత్రాన్ని యాజమాన్యం తప్పక ఎత్తుతుంది. మొదటిది ఎందుకు తీశారో నమ్మదగిన కారణం కాగితం మీద లేకపోతే కార్మికుడి మాట తేలిపోతుంది. లిబర్టీ ఉంటే ఈ గొడవే ఉండదు.

యాజమాన్యం తీసేసుకుంటే?

ఇంతవరకూ కార్మికుడి వాపసు గురించే మాట్లాడుకున్నాం. వాపసు తీసుకుని చేతులు కాల్చుకున్నవాళ్ళలో యజమానులూ ఉన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే ఘట్టం అదే.

ఒక ఫ్యాక్టరీలో జీతాల పెంపు మీద ట్రిబ్యునల్‌లో కేసు నడుస్తోందనుకుందాం. ఆ కేసుతో సంబంధం ఉన్న కార్మికుణ్ణి, దానితో సంబంధం లేని దుష్ప్రవర్తన మీద, దొంగతనమో గైర్హాజరో చూపి తొలగించాలంటే సెక్షన్ 33(2)(బి) అడ్డు నిలుస్తుంది. తొలగించవచ్చు, కానీ ఒక నెల జీతం చేతిలో పెట్టాలి, తొలగింపును ఆమోదించమని ఆ ట్రిబ్యునల్‌కే దరఖాస్తు చేయాలి. తొలగింపు, జీతం, దరఖాస్తు మూడూ ఒకే వరసలో జరగాలి. వివాదం నడుస్తుండగా యజమాని కక్ష తీర్చుకోకుండా పెట్టిన కంచె ఇది.

యజమాని దరఖాస్తు వేశాడు. తొలగింపుకు ముందు కంపెనీ జరిపిన డొమెస్టిక్ ఎంక్వయిరీలో లోపాలు బయటపడుతున్నాయి, ఆమోదం దొరికేలా లేదు. అప్పుడు దరఖాస్తునే వాపసు తీసుకుంటే? 'నిరాకరణ' అన్న మాట పడకుండా తప్పించుకోవచ్చు కదా! సరిగ్గా ఇదే పంజాబ్ బెవరేజెస్ కేసులో జరిగింది. 1978లో సుప్రీంకోర్టు యాజమాన్యం వైపే మొగ్గింది. దరఖాస్తు తీసేసుకుంటే అసలు వేయనట్టే, వేయకపోవడం చట్ట ఉల్లంఘనే గానీ తొలగింపు దానంతటది చెల్లకుండా పోదు, కార్మికుడు సెక్షన్ 33ఎ కింద ఫిర్యాదు చేసి విడిగా పోరాడాలి అంది. అంటే ట్రిబ్యునల్ కాదంటే తొలగింపు పోతుంది, ట్రిబ్యునల్ కాదనేలోపు లేచి వచ్చేస్తే నిలుస్తుంది. చట్టాన్ని గౌరవించి చివరిదాకా నిలబడ్డవాడికంటే మధ్యలో జారుకున్నవాడికే లాభం.

ఈ లెక్క ఇరవై నాలుగేళ్ళు నడిచింది. 2002 జనవరిలో జైపూర్ జిల్లా సహకారి భూమి వికాస్ బ్యాంకుకూ రాంగోపాల్ శర్మకూ మధ్య వచ్చిన కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆమోదం కోసం దరఖాస్తు చేయకపోయినా, చేసి ఆదేశం రాకముందే వాపసు తీసుకున్నా సెక్షన్ 33(2)(బి) షరతును ఉల్లంఘించినట్టే. ఉల్లంఘిస్తే తొలగింపు చెల్లదు. కార్మికుడు వేరే ఆదేశమేదీ అవసరం లేకుండానే ఉద్యోగంలో కొనసాగుతున్నట్టు లెక్క. 33ఎ కింద మళ్ళీ పోరాడమని అతణ్ణి తిప్పనక్కర్లేదు.

మరి ఆ యజమాని తీసేసుకున్న దరఖాస్తును మళ్ళీ వేయగలడా? వేస్తే ఏం లాభం? తొలగింపు, జీతం, దరఖాస్తు ఒకే వరసలో ఉండాలన్న గొలుసు ఎప్పుడో తెగిపోయింది. మనిషిని తిరిగి డ్యూటీలోకి తీసుకుని, మధ్యకాలం జీతం కట్టి, పద్ధతి ప్రకారం మళ్ళీ మొదలుపెట్టడమే మిగిలిన దారి. కార్మికుడి వాపసు మీద కోర్టుల్లో కొంత జాలి, కొంత వెసులుబాటు కనిపిస్తాయి. యజమాని వాపసు మీద ఆ తీర్పు తర్వాత అలాంటిదేమీ లేదు. అలా ఉండటమే సబబు. తీసేసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి కంపెనీకి పర్సనల్ డిపార్టుమెంటు, లీగల్ అడ్వైజరు ఉంటారు.

తీసిన అడుగు వెనక్కి

కొత్త కేసు వేయడం ఒక దారి. తీసేసిన ఆదేశాన్నే రద్దు చేయించి పాత కేసును పాత నంబరుతో బతికించడం ఇంకో దారి. గడువు దాటినవాడికి రెండోదే దిక్కు, ఎందుకంటే పాత కేసు లేస్తే దాని పాత తేదీ కూడా లేస్తుంది.

మెమో ఇచ్చాక, కోర్టు ఇంకా ఆదేశం రాయకముందు మనసు మారితే పెద్ద చిక్కు లేదు. వాపసు మెమోనే వాపసు తీసుకోవచ్చు. రాజేంద్రప్రసాద్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే అంది. అలా చేయకూడదని చట్టంలో ఎక్కడా లేదు, లేనప్పుడు కుదురుతుందనే అనుకోవాలి. కాబట్టి పొద్దున మెమో ఇచ్చి మధ్యాహ్నం మోసపోయానని తెలిస్తే ఆ మధ్యాహ్నమే పరిగెత్తాలి, వచ్చే వాయిదా దాకా ఆగకూడదు.

ఆదేశం వచ్చేశాక కష్టం పెరుగుతుంది, అసాధ్యం మాత్రం కాదు. జెట్ ప్లైవుడ్ కేసులో సివిల్ దావాను తీసేసుకున్న వ్యక్తి, ఆ వాపసు ఆదేశాన్ని వెనక్కి తీసుకోమని అడిగాడు. న్యాయం కోసం అవసరమైనప్పుడు సీపీసీ సెక్షన్ 151 కింద కోర్టుకున్న సహజాధికారంతో అలాంటి ఆదేశాన్ని రీకాల్ చేయవచ్చని, ఆర్డర్ 23 అందుకు అడ్డుకాదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. లేబర్ కోర్టుకు సెక్షన్ 151 లేదు కదా అంటే, దానికి సమానమైన తీర్పు లేబర్ చట్టంలోనే ఉంది. గ్రిండ్లేస్ బ్యాంక్ కేసు, 1980. అక్కడ ట్రిబ్యునల్ ఒక పక్షం హాజరు కాకుండానే ఎక్స్‌పార్టీ అవార్డు ఇచ్చింది, దాన్ని తానే రద్దు చేసింది. ఆ అధికారం చట్టంలో ఎక్కడ రాసుందని అడిగితే, తన పని తాను చేసుకోవడానికి అవసరమైన అనుబంధ అధికారాలన్నీ ట్రిబ్యునల్‌కు ఉన్నట్టే లెక్క అని సుప్రీంకోర్టు జవాబిచ్చింది. తీర్పులోని తప్పొప్పులు మళ్ళీ తూచడం వేరు, విచారణ నడిచిన తీరులో పడిన పొరపాటును దిద్దుకోవడం వేరు. మొదటిదానికి చట్టం అధికారం ఇవ్వాలి, రెండోది సహజంగానే ఉంటుంది.

వాపసును రీకాల్ చేయమనే అర్జీని రెండో గడిలో కూర్చోబెట్టగలగాలి. 'నా వకీలు నాకు చెప్పకుండా మెమో ఇచ్చాడు', 'ఆ సంతకం నాది కాదు', 'డ్యూటీలోకి తీసుకుంటామని నమ్మించి సంతకం పెట్టించారు' అంటే విచారణలో పడ్డ పొరపాటు అవుతుంది. 'అప్పుడు తీసేద్దామనిపించింది, ఇప్పుడు మళ్ళీ వేద్దామనిపిస్తోంది' అంటే ఏ గడిలోనూ పట్టదు. మోసం అన్న మాట ఒక్కటే సరిపోదు కూడా. ఎవరు, ఏ రోజు, ఎక్కడ, ఏమని చెప్పారు, ఎవరు విన్నారు అన్నది అఫిడవిట్‌లో ఉండాలి. మేనేజరు పంపిన వాట్సాప్ మెసేజో, డ్యూటీకి రమ్మన్న చీటీయో ఉంటే వంద పేజీల వాదన కన్నా అదే ఎక్కువ పని చేస్తుంది.

హాజరు కాకపోవడం వల్ల పోయిన కేసును దీనితో కలపకూడదు. జ్వరం వచ్చి వాయిదాకు రాలేదు, కేసు 'డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్' అయింది. అది వదులుకోవడం కాదు, జారిపోవడం. రిస్టొరేషన్ పిటిషన్ వేసి కారణం చూపితే కోర్టులు చాలా వరకు తెరుస్తాయి. ఇక్కడ కొన్నేళ్ళపాటు ఒక గందరగోళం నడిచింది. అవార్డు గెజిట్‌లో ప్రచురితమైన ముప్పై రోజులకు అమల్లోకి వస్తుంది, ఆ తర్వాత ట్రిబ్యునల్‌కు దాన్ని ముట్టుకునే అధికారం ఉండదు అని కొన్ని తీర్పులు, ఉంటుందని కొన్ని. 2018లో హర్యానా సూరజ్ మాల్టింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చేసింది: సరైన కారణం ఉంటే ఎక్స్‌పార్టీ అవార్డును ముప్పై రోజుల తర్వాత కూడా తిరిగి తెరవొచ్చు. నిల్ అవార్డు పడ్డ కార్మికుడు ఈ తీర్పు పట్టుకునే వెళ్ళాలి.

యూనియన్ తీసేస్తే

వంద మంది తరఫున యూనియన్ వేసిన కేసును యూనియన్ తీసేసింది. అందులో పది మందికి ఇష్టం లేదు. వాళ్ళ సంగతేంటి? మెమో కన్నా దాని వెనకున్న ఒప్పందాన్ని చూడాలి. యాజమాన్యంతో విడిగా కుదుర్చుకున్న 18(1) అగ్రిమెంటు అయితే అది సంతకం పెట్టిన పక్షాలనే కట్టేస్తుంది. కన్సిలియేషన్ ఆఫీసర్ ముందు కుదిరిన 12(3) సెటిల్‌మెంటు అయితే సెక్షన్ 18(3) ప్రకారం ఆ సంస్థలోని కార్మికులందరికీ వర్తిస్తుంది, సంతకం పెట్టనివాళ్ళకూ, ఆ యూనియన్‌లో లేనివాళ్ళకూ, రేపు చేరబోయేవాళ్ళకూ. మొదటి రకంలో ఆ పది మందికి ఆశ ఉంది, రెండో రకంలో దాదాపు లేదు. అది అన్యాయమైన సెటిల్‌మెంటని నిరూపించడం కొండనెత్తినంత పని.

తొలగింపు కేసు మాత్రం వేరు. సెక్షన్ 2ఎ ప్రకారం ఉద్యోగం పోయిన ఒక్కడి గొడవ కూడా పారిశ్రామిక వివాదమే, యూనియన్ వెంట ఉన్నా లేకపోయినా. యూనియన్ పక్కకు తప్పుకున్నా తన తొలగింపు మీద తాను నిలబడే హక్కు అతనిదే.

ఇక్కడ వకీళ్ళు కూడా కొన్నిసార్లు పొరబడే సంగతి ఒకటుంది. రాజీ కుదిరి, ఆ రాజీ ప్రకారం కేసు తీసేసి, యాజమాన్యం మాట తప్పితే పాత కేసును బతికించడమే మందు అనుకుంటారు. రాజీ కాగితం మీద ఉంటే అంతకన్నా దగ్గరి దారి ఉంది. సెటిల్‌మెంటు కింద రావాల్సిన డబ్బును సెక్షన్ 33సి(1) కింద ప్రభుత్వానికి దరఖాస్తు చేసి వసూలు చేయించుకోవచ్చు. ప్రభుత్వం సర్టిఫికెట్ ఇస్తే కలెక్టరు దాన్ని భూమిశిస్తు బకాయిలాగా రాబడతాడు. దీనికి ఒక ఏడాది గడువు, కారణం ఉంటే తర్వాత కూడా తీసుకుంటారు. ఎంత రావాలన్న లెక్కలో తేడా ఉంటే 33సి(2) కింద లేబర్ కోర్టు లెక్కగడుతుంది. దానికి కాలపరిమితే లేదని సుప్రీంకోర్టు 1960ల్లోనే చెప్పింది. సెటిల్‌మెంటు ఉల్లంఘన సెక్షన్ 29 కింద నేరం కూడా. తొలగింపు న్యాయమా కాదా అని ఏడేళ్ళు వాదించే పాత కేసు కన్నా, 'ఇదిగో మీ సంతకం' అనే కొత్త దరఖాస్తు బలమైనది. నోటి మాట మీద తీసేసినవాడికి ఈ దారి లేదు, అదే దాని విషాదం.

గడియారం

పాత చట్టంలో రిఫరెన్స్‌కు కాలపరిమితి లేదు. లిమిటేషన్ చట్టం ఈ వివాదాలకు వర్తించదని అజాయబ్ సింగ్ కేసులో 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడే నెడుంగాడి బ్యాంక్ కేసులో ఏడేళ్ళ పాత తొలగింపు మీద చేసిన రిఫరెన్స్‌ను చద్దివివాదమని కొట్టేసింది. రెండూ చదివితే అర్థమయ్యేదేమిటంటే, గడువు లేదు గానీ ఓపికకు హద్దుంది. నేరుగా వేసే 2ఎ పిటిషన్‌కు మాత్రం 2010 సవరణ గీత గీసింది: తొలగింపు నాటి నుంచి మూడేళ్ళు. కన్సిలియేషన్‌లో అర్జీ పెట్టిన 45 రోజుల తర్వాత ఎప్పుడైనా కోర్టుకు వెళ్ళొచ్చు, ఆ మూడేళ్ళ లోపల.

ఇప్పుడా గీత ఇంకా దగ్గరికి జరిగింది. 2020లో చేసిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. మామూలు వివాదాలకు ప్రభుత్వ రిఫరెన్స్ అనే దారి పోయింది, లేబర్ కోర్టుల స్థానంలో ఇద్దరు సభ్యుల ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ వచ్చింది, తొలగింపు మీద నేరుగా వెళ్ళే గడువు మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గింది. వాపసు విషయంలో ఈ మార్పు బరువు ఎక్కువ. రిఫరెన్స్ ఉన్న రోజుల్లో, ఒకసారి పోయిన కేసును ప్రభుత్వం దగ్గరకు తీసుకెళ్ళి మళ్ళీ పంపించుకునే వెనక తలుపు ఉండేది. ఏవాన్ తీర్పు ఆ తలుపుకు తాళంచెవి. ఆ తలుపే లేనప్పుడు, కార్మికుడి చేతిలో ఉండేది తన దరఖాస్తు, దాని మీది గడువు, తీసేటప్పుడు కోర్టు రాసిన ఆ ఒక్క వాక్యం. పాత తొలగింపుల కేసులు ఇంకా ఏళ్ళ తరబడి నడుస్తాయి కనుక పాత సెక్షన్ల అవసరమూ తీరిపోదు.

మేనేజరు చెప్పినదే నమ్మి సంతకం పెట్టాల్సి వస్తే, ఖాళీ కడుపు ముందు ఈ లెక్కలన్నీ నిలవవని తెలుసు. అయినా మెమోలో ఒక్క వాక్యం పెంచడానికి ఖర్చేమీ లేదు: 'పిటిషనరును ఫలానా తేదీలోగా డ్యూటీలోకి తీసుకుంటామని యాజమాన్యం అంగీకరించినందున, అది జరగని పక్షంలో ఇదే కారణంపై తిరిగి దాఖలు చేసుకునే స్వేచ్ఛతో ఉపసంహరణకు అనుమతించ ప్రార్థన.' ఆ మెమో మీద యాజమాన్యం వకీలు సంతకం కూడా అడగాలి. పెట్టనంటే, ఒకటో తారీఖు దాకా ఆగకుండానే ఆ ఒకటో తారీఖు సంగతి తెలిసిపోతుంది. పెడితే, ఆ రోజే డాకెట్ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టుకుని, ఆ కాపీ ఇంట్లో రేషన్ కార్డు దాచిన చోట దాచుకోవాలి.